కిష్టవ్వ మడుల మీది ఆకు

మా అక్క కిష్టవ్వ పోయిన పదో రోజు. పుట్టింటి తరఫున పెట్టాల్సిన బట్టలు తేవడానికి ముందు రోజు సాయంత్రం కోరుట్లకు వెళ్లి, పొద్దున మొదటి బస్సుకు మళ్లీ సిరిసిల్లలో దిగాను. అక్క ఇల్లు ఇంకా నాలుగిళ్ల దూరం ఉండగానే వెనకవైపు పొగ కనిపించింది. రేపటి భోజనాలకు వంటవాళ్లు అప్పుడే పొయ్యి పెట్టారేమో అనుకున్నాను. కానీ కట్టెల పొగ వేరు, ఆకు పొగ వేరు. బీడీ ఆకు కాలితే గొంతులో సన్నగా గరగర పుడుతుంది. బీడీలు చేసే ఇళ్లల్లో పెరిగినవాళ్లకు ఆ వాసన చెప్పనక్కరలేదు.

చెప్పులు విడవకుండానే పెరట్లోకి పోయాను.

అక్కడ మా అక్క మడులు నాలుగు. ఒక్కొక్కటి మంచమంత ఉంటుంది. వంకాయ, మిరప, బెండ, బచ్చలి. ఏడాది పొడవునా నాలుగింటి మీదా నాలుగు వేళ్ల మందాన ఎండాకు పరిచి ఉండేది. ఇప్పుడు వంకాయ మడి మొక్కలు తప్ప బోసిగా ఉంది. దాని మీది ఆకంతా గోడ పక్కన కుప్పగా కాలుతోంది. కూలికి వచ్చిన ఏసయ్య మిరప మడిలో పార దించబోతున్నాడు. మా మేనల్లుడు హరీశ్ నడుము మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు. తల్లి పోయిన మైలలో ఉన్నవాడు చెట్టును గానీ మట్టిని గానీ ముట్టకూడదు కాబట్టి ఏసయ్యను పిలిపించాడు.

ఆపమన్నాను. ఏసయ్య పార ఎత్తి పట్టుకుని హరీశ్ వైపు చూశాడు.

“సాఫ్ చేపిస్తున్న మామా. రేపు రెండొందల మంది తింటరు. మడుల నడుమ గాక టేబుళ్లు ఏడ ఎయ్యాలె?”

“గా ఆకు ఎందుకు కాలవెట్టిండ్రు?”

“చెత్తనే గద.”

ఆ మాట కొత్తది కాదు. ఆ వీధి, చుట్టాలు, వచ్చీపోయే ప్రతివాడూ ఆ పెరటిని చూసి ఏళ్ల తరబడి అన్న మాటే. కానీ ఆమె లేని పదో రోజున, ఆమె కొడుకు నోట విన్నప్పుడు ఒళ్లు మండింది. ఎందుకంటే ఆమె చివరగా నన్ను అడిగింది ఒక్కటే. మిరుగం రాకముందు మడుల మీద ఇంకో పొర వేయమని. వేస్తానన్నాను. మిరుగానికి, అంటే మృగశిర కార్తెకు, ఇంక మూడు రోజులుంది. వేస్తానన్న పొర వేయనే లేదు, ఉన్న పొర నా కళ్ల ముందు కాలుతోంది.

ఆ ఆకు చెత్త ఎందుకు కాదో చెప్పాలంటే మా అక్క సంగతి చెప్పాలి. నాకు గుర్తున్నంత చెబుతాను.

కోరుట్లలో మా నాయినది గుంట మగ్గం. నేత దగ్గర రాలిన నూలు పీచును మా అమ్మ చీపురుతో ఊడ్చి, స్నానాల బండ పక్కన బీరపాదు మొదట్లో పడేసేది. పడేయడమే, అందులో ఆలోచన ఏమీ లేదు. ఒక ఎండాకాలం బావి అడుగంటి, అందరి పాదులూ వడలిపోయాయి. మా బీరపాదు మాత్రం పచ్చగా నిలబడింది. మా అమ్మ ఎల్లమ్మ తల్లి దయ అంది. పదేళ్ల మా అక్క మాత్రం పీచు కిందికి చెయ్యి పెట్టి చూసి, లోపల చల్లగా ఉందని వచ్చి చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. ఆమె మరునాడు ఇల్లంతా తిరిగి రాలిన పీచు ఏరి, పక్కనున్న వంగ మొక్క చుట్టూ కూడా పోసింది. అప్పటికి నాకు ఆరేళ్లు. ఆ పీచు మీద నడిచానని నా వీపు మీద ఒకటి వేసింది. అందుకే అంత బాగా గుర్తుంది.

పెళ్లై సిరిసిల్లకు వచ్చింది. మా బావ పోచయ్య సాంచెల మీద పనిచేసేవాడు. మరమగ్గాన్ని ఇక్కడ సాంచె అంటారు. ఆయన షెడ్డులో రాలిన దారాన్ని గంపకెత్తి తెచ్చేవాడు, ఆమె పెరట్లో మడుల మీద పరిచేది. రెండు మూడేళ్లు బాగానే జరిగింది. తర్వాత షెడ్డులో నూలు పోయి పాలిస్టర్ వచ్చింది. మా అక్కకు దారమంటే దారమే. నేతగాళ్ల ఇంట పుట్టి నేతగాళ్ల ఇల్లు చేరిన మనిషి, దారం కుళ్లకుండా ఉంటుందని కలలోనైనా ఎందుకు అనుకుంటుంది? గంపలకు గంపలు పోసింది.

కుళ్లలేదు. చాప అల్లినట్టు అట్టకట్టింది. వాన పడితే నీళ్లు పైనుంచి పైకే జారి గోడ కిందికి పోయాయి. బెండ వేర్లు దారాల్లో చిక్కుకున్నాయి. మొక్క పీకితే కండె విప్పినట్టు పోగులు వచ్చేవి. ఎండాకాలం ఆ దారం కాలిన రేకులా వేడెక్కేది. మడి మడంతా చచ్చిపోయింది.

ఇంకొకరైతే ఆ జాగాలో నాపరాళ్లు వేయించి ఊరుకునేవాళ్లు. మా అక్క రెండేళ్లపాటు, బీడీల పని ముగిసిన సాయంత్రాల్లో చిన్న పీట వేసుకుని కూర్చుని మట్టిలోంచి దారం ఏరింది. పోగు పోగు ఏరింది. నేను వెళ్లినప్పుడల్లా చేతికి చుట్టుకుని చూపించేది. “నేసేటోళ్ల బిడ్డను తమ్మీ, నాకే దారం తెలువకపాయె” అని నవ్వేది. మొన్న ఏప్రిల్లో కూడా బచ్చలి మడిలో వేలెడు నీలం పోగు ఒకటి దొరికింది.

అక్కడి నుంచి ఆమెకు ఒక నియమం వచ్చింది. కుళ్లేదే కప్పాలె. ఏది చేతికొచ్చినా ముందు చింపి, వాసన చూసి, వేళ్ల మధ్య నలిపి, ఇది మట్టిలో కలుస్తుందా కలవదా అని తేల్చుకున్నాకే మడి మీదికి.

అప్పుడు బీడీ ఆకు మీద ఆమె కన్ను పడింది. ముప్పై అయిదేళ్లు బీడీలు చేసిన మనిషి. రాత్రి నానబెట్టిన తునికాకును పొద్దున రేకు కొలత పెట్టి కత్తిరిస్తారు. బీడీకి పనికొచ్చే ముక్క చాటలో పడుతుంది, మిగిలిన అంచులు, ఈనెలు కింద రాలుతాయి. అందరూ వాటిని నీళ్ల పొయ్యిలో పెడతారు. మా అక్క సంచిలో నింపి దాచేది. ఒక్కదాని ఇంటి ముక్కలు నాలుగు మడులకు చాలవు. అందుకని పక్కింటి మల్లవ్వకూ, ఆ వరసలో బీడీలు చేసే ఇంకో నలుగురికీ వంకాయలు, బెండకాయలు ఇచ్చి వాళ్ల ఇళ్ల ముక్కలూ తెచ్చుకునేది. మల్లవ్వ మొదట్లో ఎగతాళి చేసేదట. “ఊరంత బంగారం పోగు జేస్తది, మా కిష్టవ్వ కాలబెట్టేది పోగు జేస్తది” అని.

తెచ్చినది తెచ్చినట్టు పోయడం కాదు. ముందు జల్లెడ పట్టాలి. ముక్కల్లో తంబాకు పొడి ఉంటే మిరపకూ టమాటకూ ఆకు ముడుచుకునే తెగులు వస్తుందని రెండుసార్లు నష్టపోయి తెలుసుకుంది. జల్లెడ పట్టేటప్పుడు ముక్కుకు కొంగు కట్టుకునేది. ఉత్త తునికాకు ఒక్కటే పరిస్తే తోలులా అతుక్కుపోతుంది కాబట్టి మధ్యలో గరుకుగా ఉండేది ఏదో కలపాలి. దానికి నేను పనికొచ్చాను. కోరుట్ల చుట్టుపక్కల పసుపు తవ్వే ముందు ఆకు కోసి చేను గట్ల మీద పడేస్తారు. ఆ ఎండిన పసుపాకును ఏటా రెండు సంచులు తొక్కి నింపి బస్సులో తీసుకుపోయేవాణ్ణి. ఒకసారి కండక్టర్ సంచి మూతి విప్పి చూసి, బస్సుల చెత్త కొండవోతున్నవా పెద్దమనిషీ, మా డిపోల బోలెడున్నది, టికెట్ లేకుంట ఇస్తం అన్నాడు. బస్సంతా నవ్వింది. మా అక్కకు చెబితే ఆమె నవ్వలేదు. డిపోలో ఏ చెట్ల ఆకు రాలుతుందో కనుక్కోవాల్సింది కదా అంది.

ఏడాదిలో మూడుసార్లు పొర వేసేది. ఉగాది దాటాక ఎండలు ముదరక ముందు ఒకటి, మిరుగం ముందు ఒకటి, దసరా తర్వాత ఒకటి. పాతది తీయడం ఉండదు. పాతదాని మీదే కొత్తది. కానీ వేసే ముందు వేళ్లు దూర్చి పాత పొరను ఒకసారి కదిపేది, పడుకున్న పిల్లను లేపినట్టు మెల్లగా. అట్టకట్టిన చోట నీళ్లు దిగవు. తెల్లగా బూజు పట్టిన చోట విడదీసి ఎండ చూపించేది. మొక్క మొదలుకు ఆకు ఆనకూడదు. చుట్టూ తన మూడు వేళ్ల ఎడం వదిలేది. ఆనితే మొదలు మెత్తబడి చస్తుంది. ఒకసారి ఆకులోంచి తేలు వచ్చి కోడలు అలేఖ్య కాలి పక్కనుంచి పోయింది. ఇంట్లో పెద్ద గొడవైంది. అప్పటి నుంచి గోడకూ ఆకుకూ మధ్య మూరెడు నేల ఖాళీగా ఉంచి రోజూ ఊడ్చేది. తేళ్లు ఆ ఖాళీ దాటి వస్తే కనిపిస్తాయి కదా అని. ఇంత పద్ధతి పెట్టుకున్న మనిషిని మురికి మనిషి అన్నారు.

నాలుగేళ్ల కిందట వాళ్ల వీధి సంఘం ఒక పోటీ పెట్టింది. శుభ్రమైన పెరడు, అందమైన తోట. ఒక పెద్ద స్టీలు బిందె బహుమానం. చూడవచ్చిన ముగ్గురిలో పెద్ద సాయినాథ్ సారు. ఆయన బూట్లతో మా అక్క మిరప మడి అంచు మీద నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఇదంతా ఎప్పుడు ఎత్తేస్తారని అడిగారట. ఎత్తేది కాదు సారూ, అది నేలకు కప్పు అని ఆమె చెప్పింది. ఆయన నవ్వి కాగితం మీద ఏదో రాసి ఇచ్చి పోయారు.

బహుమానం ఆ వీధి చివరి ఇంటికి వచ్చింది. అక్కడి మడుల మీద నల్ల ప్లాస్టిక్ షీటు పరిచి, దాని మీద తెల్ల గులకరాళ్లు పేర్చారు. అయిదు గులాబీ మొక్కలు, నర్సరీలోంచి పోటీకి ముందు వారమే తెచ్చినవి. ఆ ఎండాకాలం గడిచేసరికి అయిదింటిలో నాలుగు చచ్చాయి. షీటు చిరిగి గాలికి వీధంతా తిరిగింది. ఆ షీటును శుభ్రమన్నారు. నూరేళ్లకైనా మట్టిలో కలవని దానికి బిందె ఇచ్చారు. ఆరు నెలల్లో మట్టయ్యే ఆకును చెత్త అన్నారు. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

మా అక్కకు ఇచ్చిన కాగితం మీద ఏముందో నేనే చదివి చెప్పాను. “చెత్త వెంటనే తొలగించవలెను.” నేను మండిపడి, ఆ సంఘానికి ఉత్తరం రాస్తానన్నాను. ఆమె కాగితం నా చేతిలోంచి తీసుకుంది. అంచు చింపి వెలుగులో పెట్టి చూసింది. తళతళలాడే పొర ఏదీ లేదు. నాలిక మీద తడి చేసి నలిపింది.

“మంచి కాయితమే తమ్మీ. కుళ్లుతది.”

చెంబులో ముంచి, వంకాయ మొక్క పక్కన ఆకు పైకెత్తి, దాన్ని కింద పరిచి, మళ్లీ ఆకు కప్పేసింది. నా ఉత్తరం అక్కడితో ఆగిపోయింది.

రోగాలు వస్తాయి, దోమలు వస్తాయి అనేవాళ్లు ఆ ఆకును చూసి. దోమ నిలిచిన నీటిలో పుడుతుంది, ఎండాకులో కాదు. అది సరే, రోగం సంగతి ఎత్తినవాళ్లలో ఒక్కరైనా ఆమె ఒళ్లోని చాటను చూశారా? ముప్పై అయిదేళ్లు ఆ చాటలోంచి లేచిన తంబాకు దుమ్ము ఆమె ఛాతీలోకి పోతుంటే ఏ సారూ రుమాలు అడ్డం పెట్టుకోలేదు, ఏ కాగితమూ రాయలేదు. ఇల్లు శుభ్రంగా ఉందా అని చూడవచ్చినవాళ్లు ఆ ఇంట్లోనే బీడీలు చుడుతున్న ఆడమనిషి పక్కనుంచి నడిచి పెరట్లోకి పోయారు.

మా బావ పోయి ఎనిమిదేళ్లు. తర్వాత ఆమెకు ఆయాసం మొదలైంది. జగిత్యాలలో ఒక ఛాతీ డాక్టరుకు చూపించాం. ఆయన ఫొటో తీయించి, బీడీలు మానేయమన్నాడు. తాగేది మానేయమంటున్నాడనుకుని నేను తాగనంది. చేసేది మానేయాలన్నాడు. మానేసింది. చాట అటక మీదికి పోయింది. ఆమెకు అప్పుడు పట్టుకున్న బెంగ ఏమిటంటే, ఇకమీద ముక్కలు ఎక్కడివి అని. ఇంట్లో రాలేవి ఆగిపోయాయి. మల్లవ్వ మాత్రం శుక్రవారం శుక్రవారం తన ఇంటివీ, మిగతా నలుగురివీ ఒక సంచి చేసి, ముందే జల్లెడ పట్టి తెచ్చిచ్చేది. వంకాయలు తీసుకోవడం కూడా మానేసింది.

ఈ ఉగాదికి మా అక్క మడి దగ్గర కూర్చోలేకపోయింది. కుర్చీలో కూర్చుని కట్టెతో ఆకు నెట్టింది. పది నిమిషాలు నెట్టడం, పావుగంట ఊపిరి తీసుకోవడం. నాలుగు మడులకు నాలుగు రోజులు పట్టింది. హరీశ్ పనికి పోయేవాడు, అలేఖ్య ఇంట్లో కుట్టుమిషన్ పని చేసుకునేది, నేను పండుగ చేసుకుని మరునాడే కోరుట్లకు పోయాను.

మే నెలలో మంచం పట్టింది. పోవడానికి అయిదు రోజుల ముందు నన్ను దగ్గరికి పిలిచింది. ఒక్కో మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటోంది.

“మిరుగం ముంగట ఒక్క పొర ఎయ్యాలె తమ్మీ. ఆన గట్టిగ కొడితే ఉత్త మన్ను కొట్టుకపోతది.”

వేస్తానన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. ఇల్లెవరిది, పెట్టెలో పుస్తెలెవరికి, అవేవీ ఎత్తలేదు.

రోహిణి కార్తెలో పోయింది. రోళ్లు పగిలే ఎండలు. ఇంటివాళ్లకు పది రోజులు మైల. చెట్టును ముట్టకూడదు, ముడితే మాడిపోతుందంటారు. ఎవరూ పెరట్లోకి పోలేదు. ఒక్క చెంబు నీళ్లు పోయలేదు.

ఇదంతా మనసులో తిరుగుతుండగా ఆ పదో రోజు పొద్దున నేను ఏసయ్య చేతిలోని పారను కదలనివ్వకుండా పట్టుకుని నిలబడ్డాను. ఈలోపు ముందు గదిలో ఉన్న చుట్టాలు కూడా వచ్చారు. మా బావకు వరసకు పెదనాన్న కొడుకైన గంగాప్రసాద్, మాట నెమ్మదిగా చెప్పే పెద్దమనిషి, నా భుజం మీద చెయ్యి వేశాడు. పోయినవాళ్లు పడుకున్న చాప, కట్టుకున్న గుడ్డలు, చేత్తో పోగుచేసుకున్న వస్తువులు ఇంట్లో ఉంచుకోకూడదని, పదో రోజు లోపల కాల్చేయడమే ఆచారమని, ఆ ఆకు కూడా అలాంటిదేనని అన్నాడు. మిగతావాళ్లు తలలూపారు. చాపతో పాటు మడి మీది ఆకు కూడా మైలపడింది వాళ్ల దృష్టిలో.

నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి మల్లవ్వ అందుకుంది.

“గా ఆకు కిష్టవ్వది కాదు బావా. ఆమె చాట అటకెక్కిచ్చి రెండేండ్లాయె. మేం అయిదుగురం కత్తిరించి, జల్లెడ వట్టి తెచ్చిన ఆకది. మేమింక సావలే.”

గంగాప్రసాద్ చెయ్యి నా భుజం మీదినుంచి జారింది. ఒకరిద్దరు నవ్వు ఆపుకోలేక తల తిప్పుకున్నారు.

నేను మోకాళ్ల మీద కూర్చుని మిరప మడిలో ఆకు పైకెత్తాను. పైపొర కరకరలాడుతోంది. దాని కింద మెత్తగా, నల్లగా, సగం మట్టైపోయినది. ఇంకా కిందికి వేళ్లు పెట్టాను. చల్లగా తగిలింది. హరీశ్‌ను చెయ్యి పెట్టి చూడమన్నాను. మైల మామా అన్నాడు. ఏసయ్యను చూడమన్నాను. అతను పార గోడకు ఆనించి, వంగి, పిడికెడు మట్టి తీసి నొక్కాడు. ముద్ద కట్టింది. ఒక వానపాము అతని వేళ్ల మీదినుంచి జారి మళ్లీ లోపలికి పోయింది.

“పది దినాల సంది నీళ్లు వొయ్యలే అన్నరు గద సార్?” అని హరీశ్‌ను అడిగాడు.

హరీశ్ పక్కనున్న వంకాయ మడికేసి చూశాడు. పొద్దున ఆరింటికి గీకిన నేల, ఎనిమిదికల్లా తెల్లబడి పెచ్చులు లేస్తోంది. మంటకు దగ్గరున్న రెండు మొక్కల ఆకులు వేలాడుతున్నాయి.

నాకు ఆ క్షణంలో గెలిచినట్టే అనిపించింది. అది చాలక ఇంకో మాట అన్నాను. పదిరోజులు తల్లి చెట్లకు చెంబెడు నీళ్లు పోయనివాడివి, పదో రోజు పార పట్టించావా అని.

హరీశ్ నెమ్మదిగానే జవాబిచ్చాడు.

“మాకు పదొద్దులు మైల మామా. నీకు మూడొద్దులే. ఆడివిల్ల పోతే పుట్టింటోళ్లకు మూడొద్దులే అని నువ్వే చెప్పినవ్. నాలుగో నాటి సంది నువ్వు గీ ఇంట్లనే ఉన్నవ్. నువ్వు పోసినవా?”

పోయలేదు. నాలుగో రోజు నుంచి తొమ్మిదో రోజు దాకా ముందు గదిలో ఫ్యాను కింద కూర్చుని, వచ్చినవాళ్లందరికీ మా అక్క ఎంత గొప్పదో చెప్పాను. నీళ్లు పోయవచ్చన్న ఆలోచనే రాలేదు. నేను మైలలో లేననీ, ఆ ఇంట్లో మట్టిని ముట్టుకోగలిగిన సొంతమనిషిని నేనొక్కణ్ణేననీ అప్పుడు తట్టింది. అక్క పొర వేయమన్నది నన్నే ఎందుకో అప్పుడు తెలిసింది. మైల లెక్కలు ఆమెకు బాగా తెలుసు. తాను ఎప్పుడు పోతుందో కూడా సుమారుగా తెలిసే ఉంటుంది.

హరీశ్ జేబులోంచి ఫోను తీసి భోజనాలవాళ్లతో మాట్లాడాడు. టేబుళ్లు వీధిలో వేయమన్నాడు. ఎండకు పైన టెంటు కట్టాలి, అదనంగా అవుతుందని అవతలివాడు ఏదో అన్నట్టున్నాడు. కట్టమన్నాడు. ఏసయ్య పార తీసుకుని వీధి చదును చేయడానికి పోయాడు. నేను బకెట్టు తీసుకుని మంట ఆర్పాను. తర్వాత వంకాయ మడికి నీళ్లు పోశాను. ఉత్త నేల మీద పోసిన నీళ్లు నిలవకుండా పక్కకు పారాయి.

మరునాడు భోజనాలు వీధిలో జరిగాయి. సాయినాథ్ సారు కూడా వచ్చారు. పెద్దవారు, ఎవరింట్లో కర్మ జరిగినా వస్తారు. తిని, చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చి అటూ ఇటూ చూశారు. మూడు మడుల మీద ఆకు ఆయనకు నచ్చలేదని మొహంలోనే తెలిసింది. వంకాయ మడి వైపు తిరిగి, ఇగో ఇది మంచిగ కనవడుతున్నది, సాఫ్‌గ ఉన్నది అన్నారు.

మధ్యాహ్నం రెండు గంటలు. ఆ నేల మీద ఒకసారి చెయ్యి పెట్టి, తర్వాత మిరప మడి ఆకు కింద పెట్టి చూడమన్నాను. ఆయన నవ్వారు. ఇప్పుడే చెయ్యి కడుక్కున్నానన్నారు. వెళ్లేటప్పుడు మా అక్క మంచి మనిషని, కానీ జర పాతకాలం మనిషని అన్నారు. నేను చేసిన మర్యాదల్లో ఆయనకు ఆ రోజు దండం పెట్టడం ఒక్కటే మనసులేకుండా చేసింది.

సాయంత్రం జనం పోయాక మల్లవ్వ సంచి తెచ్చింది. శుక్రవారం కాదు, అయినా తెచ్చింది. ఇంటివాళ్ల స్నానాలైపోయాయి, మైల తీరింది. నేను వంకాయ మడి దగ్గర కూర్చుని ఆకు పోయడం మొదలుపెట్టాను. ఇన్నేళ్లు సంచులు మోసినవాణ్ణి, చూసినవాణ్ణి. పోసింది మాత్రం ఎన్నడూ లేదు. పిడికిళ్లతో మొక్క చుట్టూ దట్టంగా వేస్తున్నాను.

అలేఖ్య గిన్నెలు కడుగుతూ చూసినట్టుంది. వచ్చి నా పక్కన కూర్చుంది. తేలు గొడవ నాటి నుంచి ఆ మడుల దగ్గర కాలు పెట్టనిది.

“మొదలుకు ఆనియ్యద్దు మామయ్యా. అత్తమ్మ మూడు వేళ్లు ఇడిచేది. నీ చెయ్యి పెద్దది, రెండు వేళ్లు సాలు.”

నేను పోసినదంతా వెనక్కి లాగి, మొక్క మొక్కకూ వేళ్లు పెట్టి కొలిచి ఎడం చేసింది. మంటకు వాడిన రెండు మొక్కలను కూడా పీకనివ్వలేదు. మొదలు పచ్చగానే ఉందంది.

సంచి సగం మడికే సరిపోయింది. మిగతా సగం అలాగే ఉంది. మిరుగం ఎల్లుండి. మేము ముగ్గురం చూస్తుండగా హరీశ్ వీధిలోకి పోయి, భోజనాల దగ్గర మిగిలిన కాగితపు విస్తళ్ల కట్ట ఒకటి, వాడనివి, చంకన పెట్టుకుని వచ్చాడు. ఒకటి తీసి అంచు చింపాడు. వెలుగుకు పట్టాడు. చిరిగిన చోట సన్నటి తళుకు పొర సాగి వేలాడింది. గోరుతో ఆ పొరను లాగి చూశాడు.

“ఇది కుళ్లదు” అన్నాడు.

కట్టను గోడవతల పెట్టేశాడు. పొద్దున లేచి ఎల్లంతకుంట వైపు పోయి ఎవరి దగ్గరనన్నా వరిగడ్డి అడిగి తెస్తానన్నాడు. బండి మీద రెండు మోపులు పడతాయి కదా అని అలేఖ్యను అడిగాడు. పడతాయంది. నేను బకెట్టు నింపి, ఆకు వేసిన సగానికి నీళ్లు పోశాను. ఈసారి పారలేదు.